మా నాయనకు తెలియని వాసన

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరమూ గుడ్డు ముట్టేవాళ్ళం కాదు. అయినా తిరుపతిలో మేముండిన వీధి వీధంతా, మేం మూడు పూటలా గుడ్లు ఉడకబెట్టుకుని తింటున్నామని గట్టిగా నమ్మింది. తిని మాటపడితే తిన్న తృప్తయినా మిగిలేది. మేం తినకుండానే పడ్డాం చూడండి, అదీ నా బాధ. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు మొదలైన కాసేపటికే ముఖం పక్కకు తిప్పుకోవాల్సి వస్తుంది. అందుకే ఈ కథను ఇంట్లో ఎవరికీ చివరిదాకా చెప్పలేకపోయాను. మీకు నా ముఖం కనపడదు కాబట్టి ధైర్యంగా మొదలుపెడుతున్నాను.

మా నాయన పెన్నులు చేసేవాడు. ప్లాస్టిక్ పెన్నులు కాదు, ఎబొనైట్ పెన్నులు. ఎబొనైట్ అంటే రబ్బరే. కాకపోతే గంధకం బాగా దట్టించి ఉడికిస్తే కొయ్యలాగా గట్టిపడిన రబ్బరు. నల్లటి కడ్డీలుగా మద్రాసు నుంచి బస్సులో పార్సిలు వచ్చేది. (మద్రాసు చెన్నై అయి ఎన్నో ఏళ్ళయినా మా నాయన నోట్లో అది మద్రాసుగానే ఉండిపోయింది.) ఆ కడ్డీని ముక్కలు కోసి, లేతు మిషనుకు బిగించి, గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించేవాడు. నల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా ఊడి ఒళ్ళో పడేది. లోపల తొలిచి, మరలు తీసి, గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో మెరుగుపెట్టేసరికి చేతికి వెచ్చగా, తేలిగ్గా ఉండే ఇంకు పెన్ను తయారయ్యేది. "ప్లాస్టిక్కు సెమట పడితే జారతాది మ్మేయ్. ఇది జారదు, పట్టుకోని సూడు" అని ప్రతి కొత్త పెన్నునూ ముందు నా చేతికే ఇచ్చేవాడు. అదే కడ్డీతో పైపు తాగేవాళ్ళకు నోట్లో పెట్టుకునే గొట్టాలు కూడా చేసిపెట్టేవాడు. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఉండేవాడు. మేం పైపు తాత అనేవాళ్ళం. గొట్టాన్ని పళ్ళతో కొరికి కొరికి పాడుచేసుకుని, కొత్తది చేయించుకోవడానికి వస్తూ ఉండేవాడు. ఈ గొట్టం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత మా కొంప ముంచబోయింది.

గంధకం ఉంది కాబట్టి చెక్కేటప్పుడు ఎబొనైట్ వాసనేస్తుంది. ఎలాంటి వాసన అంటే, ఉడికిన గుడ్డును గిన్నెలో పెట్టి మూతపెట్టి మరిచిపోతే మర్నాడు మూత తీసినప్పుడు వచ్చే వాసనట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఆ సంగతి మా అమ్మ చెప్పగా విన్నదే. ఏళ్ళ తరబడి ఆ పొట్టులో కూర్చున్న నాయన ముక్కుకు ఆ వాసన ఎప్పుడో తెలియకుండా పోయింది. పుట్టినప్పటి నుంచీ అందులోనే పెరిగిన నాకూ అది వట్టి గాలే. మా ఇంట్లో పనిచేసే ముక్కు ఒక్కటే, అది అమ్మది. బంగారుపాళ్యం దగ్గర మామిడితోపుల్లో పెరిగిన మనిషి, కళ్ళు మూసుకుని వాసన చూసి ఏ చెట్టు కాయో చెప్పేది. అలాంటి ముక్కుతో మా నాయనను కట్టుకోవడం ఆమె ఖర్మ. నాయన లేతు దగ్గర కూర్చుంటే వంటింట్లోంచి ఉన్నట్టుండి కేకేసేది: "ఏందయ్యా, వాసన!" నాయన మారు మాట్లాడకుండా మిషను ఆపేవాడు. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టేవాడు. మళ్ళీ కేక. ఇదేదో మొగుడూపెళ్ళాల తగువనుకుని నేను పట్టించుకునేదాన్ని కాదు.

ఆ అమ్మ పోయింది. నగరిలో ఉండగా, జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్ళిన మనిషిని మళ్ళీ ఇంటికి తెచ్చుకోలేకపోయాం. నాయన ఏడవలేదు. మాట్లాడటం మానేశాడు, అంతే. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. పిలిస్తే పలకడు, పక్కనున్నా చూడడు. నాకు దిగులు పట్టుకుంది. ఒకరోజు ఏమనుకున్నాడో లేచిపోయి లేతు ముందు కూర్చున్నాడు. మిషను తిరిగిందో లేదో ముఖంలోకి మనిషి వచ్చాడు. ఆ పొద్దు నాకు ఒక్కటి మాత్రం అర్థమైంది, ఈ లేతు తిరిగినన్నాళ్ళే నాకు నాయన ఉంటాడు. అప్పుడే నాకు తిరుపతిలో ఒక లాడ్జిలో గది తాళాలిచ్చే ఉద్యోగం దొరికింది. నాయననూ, లేతునూ లారీలో ఎక్కించుకుని వచ్చేశాను.

ఇల్లు దొరకడమే గగనమైంది. లేతు అనగానే ఎవరూ ఇవ్వలేదు. చివరికి ఒక పాత మేడ వెనక వాటా దొరికింది. వాటాకు చిన్న షెడ్డు, షెడ్డుకు సందులోకి ఒక తలుపు. ఇంటావిడ మేడమీద ఒక్కతే ఉండేది. మడి కట్టుకుని వంట చేసుకునే మనిషి, పొద్దున లేస్తే పూజ, పూజయితే రామకోటి రాసుకోవడం. మేం మేడవ్వ అనేవాళ్ళం. "మిషను శబ్దం నాకేం అడ్డం కాదప్పా, నాకు చెవుడే" అని ముందే చెప్పేసింది. "కానీ నీసు ముట్టుకోకూడదు. గుడ్డు కూడా నీసే." ఎదురుగా నిలబడి గట్టిగా చెబితేనే ఆమెకు వినబడేది, అట్లాగే చెప్పి సరేనన్నాం. నాకు గుడ్డంటే ప్రాణం, అయినా ఒట్టుపెట్టుకున్నట్టు మానేశాను. వారం తిరక్కుండానే మేడవ్వ మెట్లు దిగి వచ్చింది.

"ఏమప్పా, ఈ పొద్దు కూడా ఉడకబెట్టినారా?"

"ఏందమ్మా?" అన్నాడు నాయన.

"తెలీనట్టు అడగొద్దు. మేడంతా గుడ్డు వాసన వస్తా ఉండాది. చెవులు పోయినాయి గానీ నా ముక్కు పోలేదు."

నాయన నిజాయితీగా ఒకసారి గాలి పీల్చాడు. "నాకేం రాలేదే. మ్మేయ్, నీకేమన్నా వస్తా ఉండాదా?"

నేను కూడా నిజాయితీగా పీల్చాను. "లేదు నాయనా."

గంధకం కంపులో నడిమధ్యన నిలబడి, ఏ వాసనా లేదని ప్రమాణం చేస్తున్న తండ్రీకూతుళ్ళను ఆమె చూసిన చూపు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. మాకు వాసన రాకపోయినా దాని కారణమేమిటో తెలుసు కదా, చెప్పి చూశాం. ఇది రబ్బరమ్మా, దీంట్లో గంధకం ఉంటుంది, చెక్కితే గుడ్డు వాసనేస్తుందంట అన్నాం. "వాసనే లేదంటిరి. ఇప్పుడేమో రబ్బరు వాసన అంటిరి. ఏదో ఒక అబద్ధం మీద నిలబడండప్పా" అని వెళ్ళిపోయింది. ఆ మాటలో న్యాయముంది.

అప్పటి నుంచి ఆమె ఒక పోలీసు. నీళ్ళ మోటారు ఆపడానికని దిగేది, మా చెత్తబుట్టలోకి తొంగిచూసేది. పెంకులు దొరకలేదు. దొరక్కపోవడంతో మా తెలివితేటల మీద ఆమెకు గౌరవం పెరిగింది తప్ప అనుమానం తగ్గలేదు. షెడ్డు పక్కన కరివేపాకు చెట్టొకటి ఉండేది. మా దురదృష్టం కొద్దీ ఆ ఏడాది అది ఏపుగా చిగిరించింది. ఇంకేముంది, పెంకులు దంచి చెట్టుకు వేస్తున్నామని ఖాయమైపోయింది. పక్కింటివాళ్ళు వచ్చి ఆ చెట్టును చూసి తలలాడించి వెళ్ళారు. మా ఇంటి ముందు నుంచి పోయే పిల్లలు కోడిలాగా కూసి పరిగెత్తేవాళ్ళు.

చివరికి మేడవ్వ తేల్చి చెప్పేసింది. "అమాస పోయినాక నా ఇల్లు నాకు ఇచ్చేయండప్పా. మంచిగా చెప్తా ఉండాను."

నాయన లేతుకు గుడ్డ కప్పి, దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నగరిలో ఆ రోజుల్లో కూర్చున్నట్టే కూర్చున్నాడు. అసలే పెన్నులు కూడా సరిగా రావడం లేదు. మెరుగు నిలవక, బూడిద పూసినట్టు వస్తున్నాయి. కొన్నవాళ్ళు తెచ్చి తిరిగి ఇచ్చేస్తున్నారు. "సేతిలో పని పోయింది మ్మేయ్" అనేవాడు. ఇప్పుడు లేతు కూడా పోతే ఈ మనిషిని నేనేం పెట్టి బతికించుకోను?

ఆలోచించి ఆలోచించి ఒక పథకం వేశాను. (నా పథకాల గురించి మా లాడ్జి మేనేజరును అడగండి.) వాసన ఆపలేం కదా, ఇంకో వాసనతో కప్పేద్దాం. తిరుపతిలో ఎవరూ కాదనలేని వాసన సాంబ్రాణి. మర్నాడు పొద్దున నాయన లేతు మొదలుపెట్టగానే కుంపటి నిండా నిప్పులు చేసి దోసెడు సాంబ్రాణి పోశాను. ఎంత పోయాలో నాకు తెలియదు. మా ఇంట్లో సాంబ్రాణి అంటే తలంటుకున్న రోజు జుట్టుకు పట్టుకోవడమే. పొగ షెడ్డు నిండి, తలుపులోంచి సందులోకి పొంగి, సందు నిండి, రోడ్డు మీదికి పోయింది. లేతు పక్కన మేకుకు మా అమ్మ తాళాలగుత్తి తగిలించి ఉండేది. మిషను అదురుకు అది గలగలా మోగుతోంది.

బస్టాండుకు దారి వెతుక్కుంటున్న యాత్రికులు ఒక కుటుంబం వాళ్ళు, నున్నటి గుండ్లకు చందనం పూసుకుని సందు మొదట్లో ఆగారు. పొగ చూశారు. గలగల విన్నారు. చెప్పులు విప్పారు. నేను వద్దనేలోగా తలుపు ముందుకు వచ్చి చేతులు జోడించి నిలబడ్డారు. తిరుపతిలో ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడితే మూడోవాడు ఎందుకని అడగకుండా వచ్చి వెనక నిలబడతాడు. చూస్తుండగానే వరస రోడ్డు దాకా పోయింది. నాయనకు ఇవేమీ తెలియవు. వీపు ఇటు, ముఖం లేతు వైపు. నెత్తి మీద, భుజాల మీద నల్లటి పొట్టు. దడదడమంటున్న మిషను ముందు కదలకుండా కూర్చున్న ఆ మనిషిని చూస్తే, నాకు కూడా ఒక్క క్షణం దండం పెట్టాలనిపించింది.

గుండు పెద్దాయన గొంతు సవరించుకుని, "పాత గుడేనా స్వామీ?" అన్నాడు.

నాయన తిరిగి చూశాడు. మా నాయనకు అబద్ధం రాదు, ఆశ్చర్యపోవడం కూడా అంతగా రాదు. లేతును ఒకసారి చూసి, "పాతదేనప్పా. కోయంబత్తూరు నుంచి తెచ్చినాను" అన్నాడు.

పెద్దాయన భక్తిగా తలూపాడు. ఒకామె రెండు అరటిపళ్ళు తెచ్చి లేతు మీద పెట్టింది. ఇంకొకామె కింద పడిన పొట్టు చిటికెడు తీసి కళ్ళకద్దుకుంది. తర్వాత వాసన చూసింది. ముఖం అదోలా పెట్టింది, కానీ ప్రసాదమాయె, పారెయ్యలేక కొంగున ముడేసుకుంది. సరిగ్గా అప్పుడు మెట్ల మీద మేడవ్వ గొంతు వినబడింది.

"నా ఇంట్లో నాకు తెలీకుండా గుడి కట్టినారా!"

వరసంతా సర్దుకుని ఆమెకు దారిచ్చింది. ఆమె వచ్చి లేతునూ, అరటిపళ్ళనూ, కుంపటినీ, నన్నూ వరసగా చూసింది. యాత్రికులకు బస్టాండు దారి చూపించి పంపేసింది. అందరూ పోయాక నాయన వైపు తిరిగి, "ఏదప్పా, మళ్ళా ఒకసారి తిప్పు" అంది. నాయన లేతు తిప్పి ఉలి ఆనించాడు. మేడవ్వ వంగి, కింద పడిన పొట్టు వేళ్ళతో తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, చటుక్కున తల వెనక్కి తీసింది. "అయ్యో దేవుడా, ఇదా!"

హమ్మయ్య, గెలిచాం అనుకున్నాను. ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "గుడ్డయితే మానేయమని చెప్పొచ్చు. దీన్ని ఏం చెయ్యమందునప్పా నేను?" అంది. అది నిజమే. పెంకులు లేవని తేలినంత మాత్రాన వాసన పోతుందా? నా పథకంలో ఈ ముక్క నేను ఆలోచించలేదు.

"ఇంత కంపులో ఎట్ల కూర్చోనుండావు? నిజంగానే నీకు తెలీదా?"

"తెలీదమ్మా" అన్నాడు నాయన. తర్వాత, అమ్మ పోయాక మొదటిసారి, అడక్కుండానే అమ్మ మాట ఎత్తాడు. "నా పెండ్లాం సెప్పేది. ఉలి మొద్దుబారితే ఈ రబ్బరు మాడతాది. మాడే ముందు వాసన ఎక్కువొస్తాదంట. వంట సేసుకుంటానే కనిపెట్టేది. 'వాసన' అని కేకేస్తే నేను ఆపి, ఉలి సానబట్టుకుంటాంటి. ఇప్పుడు సెప్పేవాళ్ళు లేరు. ఎప్పుడు మాడతాందో నాకు తెల్డం లేదు. అన్నీ మాడిపోతా ఉండాయి."

నేను కుంపటి దగ్గర నిలబడిపోయాను. ఇన్నేళ్ళూ అది తగువనుకున్నాను. వాళ్ళిద్దరూ కలిసి పెన్నులు చేస్తుండినారని నాకు తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సాంబ్రాణి పొగ ఉంది కాబట్టి సరిపోయింది.

మేడవ్వ మెట్లెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు నాయన లేతు తిప్పుతుంటే పైనుంచి, చెవిటి మనుషులు మాత్రమే వేయగలిగినంత పెద్ద కేక వచ్చింది: "అప్పా! వాసన!"

నాయన చేయి ఆగిపోయింది. మిషను ఆపాడు. ఉలిని సానరాయి మీద మెల్లగా, చాలాసేపు రుద్దాడు. ఆ పూట చేసిన పెన్ను చీకట్లో కూడా కనబడేంత మెరుపుతో వచ్చింది. అమావాస్య వచ్చింది, పోయింది, ఇల్లు ఖాళీ చేయమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ మెరిసే పెన్నును నాయన మేడవ్వకే ఇచ్చాడు. రామకోటికి ఆమె వాడే పెన్ను నొక్కి నొక్కి రాయాల్సి వచ్చి వేళ్ళు వాచేవి. ఆమె మురిసిపోయి, "దేవుడి పేరు రాసేది కదా, మంచి వస్తువేనా ఇది?" అని అడిగింది. మా నాయనకు అబద్ధం రాదని చెప్పాను కదా. "శానా మంచిదమ్మా. పైపు తాగేవాళ్ళు నోట్లో పెట్టుకునే గొట్టం కూడా దీంతోనే సేస్తాను" అన్నాడు. నేను వెనక నుంచి ఎంత సైగ చేసినా లాభం లేకపోయింది. పైపు తాత కొరికి పారేసిన గొట్టాన్ని కూడా తెచ్చి చూపించాడు. మేడవ్వ ముఖం నల్లబడింది. ఇస్తే వద్దనలేదు, అలాగని అట్లాగే వాడలేదు. మేడమీదికి తీసుకెళ్ళి, మరిగే పసుపునీళ్ళలో ముంచి శుద్ధి చేసి, డాబా మీద ఎండలో ఆరబెట్టేసింది. ఎబొనైట్‌కు పడనివి రెండే రెండు, వేడినీళ్ళు, ఎండ. సాయంత్రానికి నిగనిగలాడే నల్లటి పెన్ను కాస్తా ఎండిన చింతపండు రంగుకు తిరిగింది.

ఆమె భయపడుతూ కిందికి తెచ్చింది. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి కూడా గుండు సేయించినారా అమ్మా?" అని, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఎగిరేలా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వి నవ్వి చివరికి అది ఏడుపయింది. అమ్మ పోయినప్పుడు రావలసిన ఏడుపు ఆ సాయంత్రం వచ్చింది. మేడవ్వ స్టూలు మీద కూర్చుని, అది అయ్యేదాకా లేవలేదు.

ఆ చింతపండు రంగు పెన్నుతోనే ఆమె రాసుకుంది. చేతి వేడికి దానికి కూడా సన్నగా వాసన వచ్చేదట. "పూజగదిలో ఏమిటమ్మా ఇది?" అని ఎవరో అడిగితే, "స్వామికి అలవాటైపోయిందిలే" అందట. కేక మాత్రం ఒక్కరోజు తప్పలేదు. పండగలకు ఊరెళ్ళినా తొందరగా వచ్చేసేది. నేను పెళ్ళయి చిత్తూరు వచ్చేశాక ఫోన్ చేస్తే, మాటల మధ్యలో ఆ కేక నాకు కూడా వినబడేది. "ఉండు మ్మేయ్, అవ్వ పిలస్తా ఉండాది" అని నాయన ఫోన్ పెట్టేసేవాడు.

ఆమె పోయిన తర్వాత, ఆమె మేనకోడలు పెన్నును తెచ్చి నాయన చేతిలో పెట్టిందట. ఆ రోజే నాయన లేతుకు గుడ్డ కప్పేశాడు. నేను పరిగెత్తుకుని వెళ్ళి, సెలవు పెట్టి నేను కూర్చుంటాను నాయనా, నేను చెప్తాను అని బతిమాలాను. "నీకు రాదులే మ్మేయ్, నువ్వు దీంట్లోనే పుట్టినదానివి" అని నా తల నిమిరాడు. మరుసటి ఏడాదికి నాయన కూడా లేడు.

నాయన రేకు పెట్టెను నేను ఇన్నాళ్ళూ తెరవలేదు. చిత్తూరులో మేముండేది అపార్టుమెంటులో కింది ఫ్లాటు. మొన్న ఇల్లు సర్దుతూ, ఎవరూ లేని సమయం చూసి మూత తీశాను. ఉలులు, సానరాయి, ఆ చింతపండు రంగు పెన్ను, అడుగున గుప్పెడు నల్లటి పొట్టు. మూత తీయగానే గుప్పుమని ఏదో ముఖానికి కొట్టింది. వంటింట్లో ఏమన్నా కుళ్ళిందేమోనని చటుక్కున అటు చూశాను. తర్వాత అర్థమైంది. ఉడికిన గుడ్డు, మూతపెట్టి మరిచిపోయిన గుడ్డు. అమ్మ చెప్పింది అచ్చం ఇదే. ఇంత వాసనా! ఇందులోనే నిలబడి, ఏమీ రావడం లేదని ఆ పెద్దావిడ ముందు అంత ధీమాగా ప్రమాణం చేసిన పిల్లను తలుచుకుంటే నవ్వొచ్చింది. నాకు ఇప్పుడు వస్తోంది నాయనా, ఇప్పుడు చెప్పగలను అని పైకే అన్నాను. లేచి కిటికీ మూయబోయి ఆగిపోయాను. తెరిచే ఉంచి, పైఅంతస్తు నుంచి ఎవరైనా కేకేస్తారేమోనని కాసేపు అట్లాగే నిలబడ్డాను.